నడిమింటి మెట్లు

మా ఇంటి మెట్లు నేను అడిగితే వచ్చినవి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. దీన్ని బయటికి చెప్పాలా, కడుపులోనే పెట్టుకోవాలా అన్న దగ్గరే నా ప్రాణం కొన్నాళ్లు కొట్టుకుంది. నేను చెబుతుంటే మా చిన్నమ్మాయి రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతకుమించి అక్షరం రాదు. నేను అన్నది అన్నట్టు రాయి, సరిచేయకు అని దానికి చెప్పాను.

భీమవరానికి దగ్గర పల్లె మాది. తొంభైల్లో మా వైపు వరిచేలన్నీ చెరువులైపోయాయి. రొయ్య రెండు పంటలు కలిసొచ్చిందంటే చాలు, ప్రతివాడూ ఇల్లు మొదలుపెట్టేవాడు. అంతకుముందు మాకు ఇల్లంటే డాబా. నాలుగు గదులు, ముందు వరండా, పక్కన బయటినుంచి మెట్లు, అంతే. రొయ్యల డబ్బు వచ్చాక ఆ డాబా ఎవరి కంటికీ ఆనలేదు. ఒకరి ఇంటికి ఉన్నది ఇంకొకరికి ఉండకూడదు. ఒకాయన మేడమీద నీళ్ల ట్యాంకుని తామరమొగ్గలా కట్టించాడు. ఇంకొకాయన బాత్రూము గోడలకి నిలువెత్తున నల్లరాయి అతికించి, ఇంటికి ఎవరొచ్చినా ముందు అదే చూపించేవాడు. చుట్టాలు కాఫీ గ్లాసులు పట్టుకుని బాత్రూములో నిలబడి మెచ్చుకునేవారు.

మా ఆయనకి పట్టింది పోర్టికో పిచ్చి. మా అత్తగారి కంటి ఆపరేషనుకి రాజమండ్రి వెళ్లినప్పుడు, ఆసుపత్రి ఎదురుగా ఎవరిదో కొత్త ఇల్లు చూశారట. ముందు పోర్టికో, దానికి ఒక్క స్తంభం లేదు. గోడలోంచి చెయ్యి చాపినట్టు ముందుకి వచ్చి గాలిలో నిలబడి ఉందట. తల్లిని ఆసుపత్రిలో కూర్చోబెట్టి ఈయన దాని కింద నిలబడి పైకి చూస్తుంటే, వాచ్‌మన్ వచ్చి "ఎవరు కావాలండి" అన్నాడట. "స్తంభం కావాలయ్యా, ఎక్కడ దాచారు?" అన్నారట ఈయన.

"మనకి కారెక్కడుంది, పోర్టికో కట్టడానికి?" అన్నాను నేను.

"కారు ఎప్పుడైనా కొనుక్కోవచ్చే. స్తంభం ఒకసారి లేచాక తీయగలమా?" అన్నారు.

అప్పటికి మేము మా బావగారి డాబాలో మేడమీద ఉండేవాళ్లం. బావగారంటే మా ఆయనకి అన్నగారు. కింద ఆయన, మా తోటికోడలు, మా అత్తగారు. పైన మేము, మా ఇద్దరు ఆడపిల్లలు. ఆ డాబాకి మెట్లు బయట, వీధి వైపు. మెట్లు దిగిన చోటే వరండా, వరండాలో బావగారి పడక్కుర్చీ. ఆయన చెడ్డవాడు కాదు. కానీ రోజంతా అక్కడే కూర్చుంటాడు. నేను బిందెతో ఎక్కినా, బట్టలతో దిగినా, ఆయన పేపరు కొంచెం కిందికి దించి చూసి మళ్లీ ఎత్తుకునేవాడు. మా తోటికోడలు అయితే నోటితోనే అనేది. "ఇవాళ ఎన్నోసారి ఎక్కడం? పైన ఏం పొదగేశావేంటి?" అని. నెలలో ఏ రోజున ఏ పనికి దిగానో వీధికంతటికీ తెలిసేది. వానాకాలం వస్తే పాచి పట్టిన మెట్ల మీద బిందె నడుమున పెట్టుకుని, జారితే నవ్వడానికి ఎంతమంది ఉన్నారో చూసుకుంటూ ఎక్కేదాన్ని.

అందుకని ఇల్లు గీయించే రోజున, ప్లాను కాగితం చాప మీద పరిచి "నీకేం కావాలో చెప్పు, తర్వాత సణగకు" అని ఆయన అంటే, నేను ఒక్కటే అడిగాను. మెట్లు ఇంట్లో పెట్టించండి అన్నాను. తలుపు వేసుకున్నాక నేను ఎక్కానో దిగానో ఒక్కడికి తెలియకూడదు అన్నాను.

తాపీమేస్త్రి అక్కడే కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. మా నాన్నంత వయసు ఉంటుంది. "లోపలంటే హాలు సగం మింగేస్తాయండి అమ్మగారూ" అన్నాడు.

మా ఆయన కాసేపు ఆలోచించి నవ్వారు. ఆ మర్నాడు ఇంజినీరు దగ్గరికి వెళ్లి కొత్త గీత గీయించుకొచ్చారు. పోర్టికోకి లాగానే మెట్లకీ కింద ఏమీ ఉండదు. హాలుకీ భోజనాల గదికీ మధ్య గోడ ఉంటుంది కదా, ఆ గోడలోంచే ఒక్కొక్క మెట్టు బయటికి పొడుచుకొస్తుంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఖాళీ. కింద పిల్లలు ఆడుకోవచ్చు, మంచం వేసుకోవచ్చు. మా ఊళ్లో అలాంటిది ఎవరికీ లేదు.

ఆ గోడ ఇంటికి సరిగ్గా నడిమధ్యన పడుతుందని ఎవరమూ అనుకోలేదు. వాస్తు తెలిసినవాళ్లకి సింహద్వారం చూపించాం, బోరు ఎక్కడ వేయాలో చూపించాం. మెట్ల సంగతి ఎవరినీ అడగలేదు.

శ్లాబు పడింది, పోర్టికో లేచింది, వాటి తర్వాత మెట్లూ పోశారు. మెట్ల కింద సరుగుడు కర్రలతో, చెక్కలతో సెంట్రింగు అలాగే ఉంది. మెట్ల మీద వరిగడ్డి పరిచి, ఆయనే పొద్దునా సాయంత్రం పైపుతో తడిపేవారు. అలా తడుపుతూ ఉన్న రోజుల్లోనే ఒక మధ్యాహ్నం చెరువు గట్టు మీద మేత కొలుస్తూ గుండె పట్టుకుని కూలబడిపోయారట. రొయ్యల వ్యానులోనే వేసుకుని భీమవరం బయల్దేరారు. వంతెన దాటకుండానే అయిపోయింది. ఇంతకంటే దాని గురించి చెప్పను.

మా వాళ్లలో మొగుడు పోయిన ఆడదాన్ని మూలకి కూర్చోబెడతారు. కొన్ని నెలలు ఆ గది దాటి రాకూడదు. మొదటిసారి బయటికి వచ్చేది కూడా తెల్లారకముందే, ఎవరి కంటా పడకుండా, పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్తే వెళ్లాలి. నన్ను మేడమీద వీధి వైపు మూలగదిలో కూర్చోబెట్టారు. ఆ గదికి ఒక కిటికీ. దాని కిందే వరండా. బావగారు కూర్చుని మాట్లాడితే ఒక్క మాట పోకుండా పైకి వినిపిస్తుంది. ఇన్నేళ్లూ ఆయన నన్ను చూశాడు, ఇప్పుడు నేను ఆయన్ని వినడం మొదలుపెట్టాను.

పెద్దకర్మ అయిన మర్నాడు బావగారు ఒక సిద్ధాంతిగారిని తీసుకొచ్చి కొత్త ఇల్లు చూపించారు. అక్కణ్ణుంచి వచ్చి ముగ్గురూ వరండాలో కూర్చున్నారు. బావగారు, సిద్ధాంతిగారు, మేస్త్రి.

"నాలుగు మూలల నుంచీ తాళ్లు కట్టి చూశానండి," అన్నారు సిద్ధాంతిగారు. "రెండు తాళ్లూ ఎక్కడ కలిశాయో మీరూ చూశారు కదా. ఆ మెట్ల కిందే. అది బ్రహ్మస్థానమండి. ఇంటికి బొడ్డు లాంటిది. బొడ్డు మీద అంత బరువు మోపితే యజమాని ఉంటాడా అండి?"

బావగారి కుర్చీ కిర్రుమంది. తర్వాత "ఎవరు పెట్టమన్నారు మెట్లు అక్కడ?" అన్నారు.

మేస్త్రి దగ్గు వినిపించింది.

"ఏంటి మేస్త్రీ, నిన్నే."

నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. మజ్జిగ గ్లాసు పట్టుకుని ఆ రోజు అతను నా మాట విన్నాడు. ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు.

"చినబాబుగారే చెప్పారండి," అన్నాడు మేస్త్రి. "ఇంజినీరుగారు గీశారు, నేను కట్టాను, ఆయ్."

"వాడికి ఇలాంటివి తోచవు. వాడికి పోర్టికో ఒకటే గోల. ఎవరో చెవిలో వేసుంటారు."

"అదైతే నాకు తెలీదండి."

"ఎవరు వేస్తేనేంటి లెండి," అన్నారు సిద్ధాంతిగారు. "అడిగినవారి చేతి మీదుగానే పోయిందనుకోవాలి ప్రాణం."

బావగారు కండువాతో మొహం తుడుచుకున్నట్టున్నారు, గొంతు మారింది. "ఎల్లుండి మంచిదన్నారు కదా. మనుషుల్ని తీసుకురా మేస్త్రీ. పచ్చిగా ఉండగానే కొట్టించేద్దాం. బయట నైరుతిలో లేపుదాం మెట్లు, మా ఇంటికి ఉన్నట్టే."

నేను నేల మీద కూర్చుండిపోయాను. పిల్లలు బడికి వెళ్లారు. ఆ గదిలో నాకు ఆలోచించుకోవడానికి తప్ప ఏ పనీ లేదు, అదే చేశాను. ఊరుకుంటే మెట్లు పోతాయి. ఎవరడిగారో ఎవరికీ తెలియదు. నేను బయటపడతాను. కానీ సమ్మెట దెబ్బ పడితే ఏమైనట్టు? ఆ మెట్లే ఆయన్ని మింగాయని పదిమంది ముందు తేల్చేసినట్టు. ఆ మెట్లు ఎవరివో నాకు తెలుసు. ఇక ఆ ఇంట్లో నేను వండుకుని ఎలా తినాలి, ఎలా పడుకోవాలి? పోనీ నోరు విప్పి నేనడిగానని చెప్తే, మొగుణ్ణి తిన్నదన్న పేరు నా ఒక్కదానితో పోదు. ఇద్దరు ఆడపిల్లలకీ అంటుకుంటుంది. రేపు ఎవరింటికి వెళ్లినా ఆ పేరు వాళ్లకంటే ముందు వెళ్లి కూర్చుంటుంది. ఏ వైపు తిరిగినా నాకు గోడే తగిలింది.

మర్నాడు మధ్యాహ్నం మా అత్తగారు నాకు అన్నం తెచ్చారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఆ బయటి మెట్లు ఒక్కొక్కటీ గోడ పట్టుకుని ఎక్కి, పళ్లెం నా ముందు పెట్టి, ఆయాసపడుతూ కూర్చున్నారు.

"రేపు పగలగొడతారంట," అన్నారు.

"విన్నానండి."

"వినే ఉంటావులే. ఆ కిటికీ నాకు తెలీదా."

ఆవిడ మొహం చూస్తే నాకు ఆగలేదు. "అత్తయ్యగారూ, ఆ మెట్లు ఆయన పెట్టమన్నవి కాదండి. నేను అడిగాను," అన్నాను.

ఆవిడ నన్ను చూశారు. కంట్లో ఏముందో నాకు తెలియలేదు, ఆపరేషనైన కన్ను, సోడాబుడ్డి అద్దం. పోయినవాడు ఆవిడ చిన్నకొడుకు. ముద్దుల కొడుకు.

"తిను. చల్లారిపోతుంది," అన్నారు చివరికి.

తింటే దిగలేదు. ఆవిడ పళ్లెం తీసుకుని, గోడ పట్టుకుని మళ్లీ దిగడం మొదలుపెట్టారు. ఒక్కో అడుగూ వింటున్నాను. కిందికి చేరి ఆగిపోయారు. బావగారి గొంతు వినిపించింది. "ఏంటమ్మా, అలా ఉన్నావ్?"

నేను కిటికీ దగ్గరికి జరిగాను.

"ఏం లేదురా, మోకాళ్లు," అన్నారు ఆవిడ.

చెప్పలేదు. అయితే సాయంత్రం చెప్తారేమో. రేపు చెప్తారేమో. లేకపోతే ఎప్పటికీ చెప్పకుండా, రోజూ అన్నం తెచ్చి పెడుతూ, ఆ అద్దాల్లోంచి అలా చూస్తూనే ఉంటారేమో. నాకు ఈ చివరిదే ఎక్కువ భయం వేసింది.

మర్నాడు పొద్దున పిల్లలు జడలు వేసుకుని బడికి వెళ్లాక, కిటికీలోంచి చూస్తే నలుగురు మనుషులు భుజాన సమ్మెటలు పెట్టుకుని కొత్త ఇంటి వైపు వెళ్తున్నారు. వెనకాల మేస్త్రి, తల వంచుకుని. బావగారి కుర్చీ ఖాళీ, అంటే ఆయన అప్పటికే అక్కడున్నారు. నేను లేచి నిలబడ్డాను. లేచేదాకా వెళ్తానని నాకే తెలియదు. చీర కొంగు తల మీదుగా లాక్కుని గుమ్మం దాటాను.

ఆ బయటి మెట్లు దిగాను. పట్టపగలు. మా తోటికోడలు వరండాలో బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి లేచింది.

"ఎక్కడికే? నీకు తెలుస్తోందా నువ్వేం చేస్తున్నావో? వాళ్లు పని మీద వెళ్తున్నారు, ఎదురెళ్లకు."

"వెనకే వెళ్తున్నాను లెండి అక్కగారూ, ఎదురు కాదు," అన్నాను.

కొత్త ఇల్లు మా వీధి చివర, పంటకాలవ పక్కన. దూరం ఏమీ లేదు. అయినా ఆ కాస్త దూరంలో ఒకాయన సైకిలు మీద వస్తూ నన్ను చూసి దిగి, సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆయన ఏ పని మీద వెళ్తున్నాడో పాపం. ఒకావిడ అరుగు మీద నుంచి లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది, పూర్తిగా వేయలేదు, చూడాలి కదా.

నేను పోర్టికో కిందనుంచి లోపలికి వెళ్లేసరికి హాల్లో అందరూ ఉన్నారు. మెట్ల మీద గడ్డి తీసేశారు, ఆయన పోయాక మేస్త్రి తడుపుతూ వచ్చిన గడ్డి. ఒకడు సమ్మెట ఎత్తి పట్టుకుని చోటు చూసుకుంటున్నాడు. నన్ను చూసి దించేశాడు. సిద్ధాంతిగారు పక్కకి తిరిగి నిలబడ్డారు. ఆయనకి నా మొహం చూడకూడదు, తప్పు పట్టను.

"ఏంటమ్మాయ్ ఇది?" అన్నారు బావగారు. "ఇలా రావచ్చా? ఎవరు రమ్మన్నారు నిన్ను?"

ఆయన ఎదురుగా నేను అంతకుముందు గట్టిగా మాట్లాడి ఎరగను. తలుపు చాటునుంచే మాట్లాడేదాన్ని.

"బావగారూ, మెట్లు నేను అడిగానండి. ఆయన కాదు. మేస్త్రిగారికి తెలుసు. నా మీదికి వస్తుందని ఆయన చెప్పలేదు."

బావగారు మేస్త్రి వైపు చూశారు. మేస్త్రి కాళ్ల దగ్గర ఏదో రాయి ఉంటే దాన్ని బొటనవేలితో కదుపుతున్నాడు.

"నువ్వు అడిగావా?" అన్నారు బావగారు. "ఎందుకు?"

"మీ ఇంటి మెట్లు వీధిలో ఉన్నాయండి. పదిహేనేళ్లు ఎక్కి దిగాను. అందుకు."

ఆయనకి ఏం అర్థమైందో, మొహం ఎర్రబడింది. "అయితే..." అన్నారు. ఆ మాట పూర్తి చేయలేదు. పూర్తి చేయకపోయినా హాల్లో ఉన్నవాళ్లందరికీ మిగతాది వినిపించింది.

"అవునండి. నన్నే అనండి," అన్నాను. "ఊళ్లో ఎవరడిగినా నేనే చెప్తాను. కానీ వీటి మీద దెబ్బ మాత్రం పడకూడదు. పడితే నిజమైపోతుంది."

"నిజం కాదని నువ్వెలా చెప్తావ్?" బావగారి గొంతు పెరిగింది. "వాడికి నలభై నిండలేదు. ఒక్కరోజు జ్వరమని పడుకున్నవాడు కాదు. ఏదో ఒకటి ఉండాలా వద్దా? ఊరికే పోతాడా మనిషి?"

"మీ నాన్న ఎలా పోయాడురా?"

గుమ్మం దగ్గర మా అత్తగారు. ఎప్పుడొచ్చారో, ఆ మోకాళ్లతో ఎలా నడిచారో తెలియదు. గోడ పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా, నువ్వు ఇంటికి వెళ్లు," అన్నారు బావగారు.

"వెళ్తాను. చెప్పి వెళ్తాను. మీ నాన్న పోయినప్పుడు మనది తాటాకిల్లు. మేడా లేదు, మెట్లూ లేవు. ఆయన్ని ఏది తినేసిందిరా? చూరా?"

ఆవిడ గోడ వదిలి ఒక అడుగు లోపలికి వేశారు.

"అప్పుడూ ఇలాగే వెతికారు. ఇంట్లో ఏమీ దొరక్క నా పాదం అన్నారు. నేను కాపురానికి వచ్చిన పాదం మంచిది కాదని మీ నాయనమ్మ చచ్చేదాకా అంది. నువ్వు అప్పుడు చంకలో పిల్లాడివి, వాడు నా కడుపులో ఉన్నాడు. నీకేం తెలుసు."

నేను ఆవిడ కోడలినై పదిహేనేళ్లు దాటింది. ఆ సంగతి ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

సిద్ధాంతిగారు గొంతు సవరించుకున్నారు. ఆయనకీ ఇక్కణ్ణుంచి ఎలాగోలా బయటపడాలని ఉన్నట్టుంది. "ఒక మార్గం ఉందండి," అన్నారు గోడ వైపు చూస్తూ. "పోర్టికోకి స్తంభాలు లేవు కాబట్టి దాన్ని ఇంటి కొలతలో పట్టలేదు నేను. ముందు రెండు స్తంభాలు లేపారనుకోండి, అది కూడా ఇల్లే అవుతుంది. ఇల్లు తూర్పుకి పెరిగితే నడిమధ్య కూడా తూర్పుకి జరుగుతుంది. మెట్లు బ్రహ్మస్థానం తప్పించుకుంటాయి. పడగొట్టక్కర్లేదు."

బావగారు ఊపిరి పీల్చుకున్నారు. "చూశావా. అలా చేద్దాం. మేస్త్రీ, రెండు స్తంభాలు. అయిపోతుంది."

అందరి మొహాలూ తేలికపడ్డాయి. సమ్మెటవాడు కూడా సమ్మెట గోడకి ఆనించేశాడు. నేను సరేనంటే చాలు. నా మెట్లు ఉంటాయి, నా మీద మాట రాదు, సిద్ధాంతిగారి మాటా పోదు. నోటిదాకా వచ్చింది సరే అన్న మాట. వచ్చి ఆగిపోయింది.

"వద్దండి," అన్నాను.

"ఏంటి?"

"ఆ పోర్టికో ఆయనదండి. స్తంభం లేకుండా నిలబడాలని ఎంత తిరిగారో మీకు తెలుసు. ఆయన కోరుకున్నది చెడగొట్టి నేను కోరుకున్నది దక్కించుకోనండి. రెండూ ఎలా ఉన్నవి అలాగే ఉండనివ్వండి."

"మతి పోయిందా నీకు? ఊళ్లో ఏమంటారో తెలుసా?"

"తెలుసండి."

అన్నారు కూడా. ఆ మాట ఆ సాయంత్రానికే పైవీధి దాకా వెళ్లింది. పెద్దదాని సంబంధాలప్పుడు ఒకరిద్దరు ఆ మాట మీదే వెనక్కి వెళ్లారు. ఆ లెక్కలు వేరు. ఇప్పుడు చెబుతున్నది ఆ పూట సంగతి.

బావగారు మెట్ల వైపూ నా వైపూ చూశారు. కోపం, ఏడుపు రెండూ కలిసిపోయి ఉన్నాయి ఆ మొహంలో. "అయితే ఒక పని చెయ్ మేస్త్రీ. కింద కర్రలు తీసెయ్. ఇప్పుడే. నిలబడితే నిలబడతాయి. పడ్డాయా, దేవుడే పడగొట్టినట్టు. ఇక ఎవరి మీదా ఎవరూ ఏమీ అనక్కర్లేదు."

మేస్త్రి ఒక కర్ర మీద చెయ్యి వేశాడు. "ఇంకొన్నాళ్లు ఉంచితే మంచిదండి పెదబాబుగారూ. మామూలు మెట్లు కాదు కదండీ, ఒంటి ఆసరా మీద ఉన్నవి."

"ఇప్పుడే అన్నాను."

కొట్టించడం వేరు. అది మనిషి చేసేది, దాన్ని కాదనవచ్చు. వాటంతటవి విరిగి పడితే నేనింక ఎవరికి ఏం చెప్తాను? నాకు నేనేం చెప్పుకుంటాను?

పనివాళ్లు ఎవరూ ముందుకి రాలేదు. సిద్ధాంతిగారి మాటలు వాళ్లూ విన్నారు. చెడ్డ మెట్లని తెలిసి ఎవడు వెళ్లి వాటి కింద దూరతాడు? మేస్త్రి ఒక్కడే కొబ్బరికాయ తెచ్చి కొట్టాడు. ఆ తర్వాత చిన్న సుత్తి పట్టుకుని బావగారి దగ్గరికి వచ్చాడు.

"మా ఆనవాయితీ అండి. సెంట్రింగు తీసేటప్పుడు మొదటి దెబ్బ ఇంటివారి చేత్తో పడాలి."

బావగారు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "నావల్ల కాదు."

మేస్త్రి అలాగే నిలబడ్డాడు. ఇంటివారంటే ఇంకెవరున్నారు అక్కడ? నా చేత్తో ఎవరికీ బొట్టు పెట్టకూడదు, పెళ్లిపీటల దగ్గరికి వెళ్లకూడదు. శుభం అన్నదాన్ని ముట్టుకోకూడని చెయ్యి. ఆ చెయ్యే చాపాను. మేస్త్రి ఒక్క క్షణం తటపటాయించి సుత్తి ఇచ్చాడు. సిద్ధాంతిగారు బయటికి వెళ్లిపోయారు. నన్ను ఎవరూ ఆపలేదు.

అన్నిటికంటే పై మెట్టు నుంచి మొదలుపెట్టాలన్నాడు మేస్త్రి. ఆ మెట్టు కింద కర్ర పొడుగు, అడుగున ఎత్తుకి ఒక చెక్కముక్క. దాన్ని కొడితే కర్ర వదులవుతుంది. నేను మెట్ల కిందికి వంగి కొట్టాను. కదలలేదు. రోజూ తడిపిన నీళ్లకి చెక్క ఉబ్బి బిగిసిపోయింది. మళ్లీ కొట్టాను. చేతికి పోటు వచ్చింది. ఆయన ఆ నీళ్లు పోస్తూ నిలబడ్డది ఈ చోటే. మూడో దెబ్బకి చెక్క ఎగిరి పక్కకి పడింది, కర్ర నా భుజం పక్కనుంచి నేల మీద పడింది.

పైన మెట్టు అలాగే ఉంది.

అప్పుడు మేస్త్రి నన్ను ఇవతలికి లాగి, తను దూరాడు. అతన్ని చూసి పనివాళ్లలో ఒకడు, తర్వాత ఇంకొకడు వచ్చారు. ఒక్కొక్క కర్రా తీస్తున్నారు. హాల్లో ఆ కర్రల చప్పుడు తప్ప ఏమీ లేదు. మా అత్తగారు పెదవులు కదుపుతున్నారు, ఏ దేవుణ్ణి పిలుస్తున్నారో. సగానికి వచ్చేసరికి పైనెక్కడో టప్పుమంది. సన్నని సిమెంటు పొడి రాలింది. పనివాళ్లు ఇద్దరూ బయటికి దూకేశారు. బావగారు నా చెయ్యి పట్టుకుని వెనక్కి గుంజారు. తమ్ముడి భార్యని ముట్టుకోకూడదన్న సంగతి ఆయనకీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

మేస్త్రి కదలలేదు. మెట్టు అడుగున అరచెయ్యి ఆనించి, తల ఎత్తి, వింటున్నట్టు నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో.

"చెక్క వదిలిన చప్పుడండి," అన్నాడు. "మెట్టు కాదు."

మిగతావి కూడా తీశారు. అడుగు చెక్కలు ఊడదీశారు. అన్నీ తీసేశాక మెట్లు బూడిదరంగుగా, గోడలోంచి వచ్చి, కింద ఏమీ లేకుండా నిలబడి ఉన్నాయి. సరుగుడు కర్రలన్నీ నేల మీద పడి ఉన్నాయి. ఎవరూ బాగున్నాయనలేదు. ఎవరూ ఎక్కలేదు. మేస్త్రి పక్కకి వెళ్లి గోడకి ఆనుకుని కూర్చుని బీడీ వెతుక్కున్నాడు. అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది.

బావగారు అప్పటికి నా చెయ్యి వదిలేశారు. మెట్ల వైపే చూస్తూ అడిగారు. గొంతులో ఇంతకుముందున్న గట్టిదనం లేదు.

"నువ్వు అడిగినప్పుడు వాడేమన్నాడు?"

చెప్పాలా వద్దా అనిపించింది. ఇంతదాకా వచ్చాక దాచేదేముంది.

"'ఇన్నాళ్లూ నాకెందుకు తోచలేదే ఇది' అని నవ్వారండి. తర్వాత, 'నువ్వడిగావని అన్నయ్యకి మాత్రం చెప్పకు, వాళ్లింటి మెట్లకి వంక పెట్టావని బాధపడతాడు, నేనే అడిగానని చెప్తాను' అన్నారు."

బావగారు తల ఊపారు. ఊపుతూనే రెండడుగులు వేసి, అన్నిటికంటే కింది మెట్టు మీద కూర్చున్నారు. దాని మీద ఆ మాత్రం బరువు పడటం అదే మొదలు. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తమ్ముడు పోయిన రోజున కూడా అందరికీ ధైర్యం చెబుతూ తిరిగిన మనిషి, ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

మా అత్తగారు గోడ పట్టుకుని మెల్లగా దగ్గరికి వెళ్లారు. కొడుకు తల మీద చెయ్యి పెట్టారు.

"లేవరా. ఇంకా తడిగా ఉంది. పంచె పాడవుతుంది," అన్నారు.

ఆయన లేవలేదు.